బోరు మూత

తెల్లారి చేనికి పోయిన వీరేష్‌కు దొంగ దొరికాడు.

అదీ సొత్తుతో సహా.

దేవనకొండ పక్కనున్న ఆ ఊళ్లో కొన్నాళ్లుగా ఇనుము నిలవడం లేదు. మోటారు వైర్లు పోయాయి. సేద్యానికి వాడే గుంటకలు పోయాయి. చర్చి గేటు రాత్రికి రాత్రి మాయమైంది. ఆఖరికి చేతిబోరు పిడిని కూడా పీక్కుపోయారు. పోలీసులకు చెబితే, మీరే కాపలా కాసుకోండని సలహా ఇచ్చి పంపారు. ఆ మాత్రం దానికి స్టేషన్ దాకా పోవడం ఎందుకో ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు.

వీరేష్ చేలో నీళ్లు పడని బోరు ఒకటుంది. అలాంటి బోరు నుంచి పైపు పీకి ఇంకో బోరుకు వాడుకోవడం ఆ పక్క రైతుల అలవాటు. పైపు పీకిన గుంత మీద ఇనుప మూత వేసి వదిలేస్తారు.

ఆ గుంత దగ్గరే ఒక మనిషి గొంతుక్కూర్చున్నాడు. చేతిలో ఇనుప మూత. గట్టు మీద పాత మోపెడ్. దానికి ఒక గోనెసంచి.

"ఎవుర్రా నువ్వు? ఈడ నీకేం పని?"

ఆ కేకకు పక్క చేలలోంచి కాశప్ప, ఉరుకుందు పరుగెత్తుకొచ్చారు. సంచి బోర్లిస్తే అన్నీ బోరు మూతలే. ఇంకేం కావాలి? తలా ఒక చెయ్యి వేశారు.

అతను ఏదో చెప్పబోయాడు. వినే ఓపిక ఎవరికీ లేదు. దెబ్బలు కాచుకుంటూనే వీరేష్ వైపు తిరిగాడు.

"నీకు సిన్నపిల్లలు ఉండారాన్నా?"

వీరేష్‌కు ఒళ్లు మండింది. అతనికి మూడేళ్ల కూతురుంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో రోజూ వస్తూనే ఉంది. వీడు బెదిరిస్తున్నాడనే అనుకున్నాడు. చేతిలో ఉన్న పార కర్రతో ఒక్కటిచ్చాడు. అది తలకు తగిలింది.

రక్తం చూసి కాశప్ప అడ్డుపడ్డాడు. చస్తే మన మీదికొస్తుంది, వదిలెయ్యమన్నాడు. మోపెడ్ ప్లగ్గు వైరు పీకేశారు. మళ్లీ ఈ పొలిమేరలో కనబడితే కాళ్లు విరగ్గొడతామని చెప్పారు. అతని చేతిలో ఉన్న మూతను కూడా సంచిలో వేసుకుని, సాక్ష్యం కోసం ఊళ్లోకి మోసుకుపోయారు.

ఆ పొద్దు టీ కొట్టు దగ్గర వీరేషే మొనగాడు. మూతలను వరసగా పరిచి వచ్చినవాళ్లకల్లా చూపించాడు. జరిగిన దానికంటే కొంచెం ఎక్కువే చెప్పాడు.

మధ్యాహ్నం చేనికి తిరిగొచ్చేసరికి భార్య పద్మ మిరపకాయలు కోస్తోంది. కూతురు అక్షయ పక్కన లేదు.

"పాప యాడ?"

"ఆడనే ఆడుకుంటాంది. ఎవురి బండో సేన్లో పడుండాది, దాని మీదెక్కింది."

పొద్దున గట్టు మీదున్న మోపెడ్ ఇప్పుడు చేను మధ్యలో అడ్డంగా పడి ఉంది. అక్షయ దాని మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, నోటితో బుర్రుమంటూ తోలుతోంది.

దొంగవెధవ మళ్లీ వచ్చాడని వీరేష్ పళ్లు నూరాడు. పాపను దింపి, బండిని పక్కకు లాగాడు.

కింద గుంత.

వీరేష్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. మూతను మోసుకుపోయిన ముగ్గురిలో ఒక్కడికీ గుంత గుర్తు రాలేదు. తన్నులు తిన్నవాడికి గుర్తుంది. తనకు మిగిలిన ఆ ఒక్క బండినీ లాక్కొచ్చి గుంత మీద పడుకోబెట్టి, సందుల్లో రాళ్లు పేర్చి పోయాడు. రాళ్ల మీద రక్తం ఎండి అట్టకట్టింది.

పద్మను గుంత దగ్గర నిలబెట్టి, వీరేష్ ఊళ్లోకి పరుగెత్తి, పొద్దున ఆ మనిషి చేతిలోంచి లాక్కున్న మూత తెచ్చాడు. పద్మే అందుకుని వేసింది. వేసి, అనుమానంగా చూసింది.

"ఇది మనది కాదు. మనది నలుపలకల రేకు కదా. ఇది గుండ్రంగా ఉండాది."

నిజమే. తమ మూత ఎప్పుడు పోయిందో వీరేష్‌కు తెలియనే తెలియదు. మరి పొద్దున ఆ మనిషి మూత తీస్తున్నాడా, వేస్తున్నాడా? ఇక వీరేష్‌కు కాలు నిలవలేదు.

ఆ బండి ఎవరిదో, అన్ని మూతలు ఎక్కడివో ఇనుము కొనేవాళ్లకే తెలుస్తుందని, మోపెడ్‌ను ఆటోలో వేసుకుని ఎమ్మిగనూరు పోయాడు. పాత ఇనుము అంగళ్లలో అడుగుతూ పోతుంటే, హనుమన్న అనే వ్యాపారి బండిని చూడగానే లేచి వచ్చాడు.

"ఇది యేసేపు బండి. నీ దగ్గరికి ఎట్లొచ్చింది?"

యేసేపు బోరు మూతలు ఇక్కడే అమ్ముతాడా అని వీరేష్ అడిగాడు.

"అమ్మేదేందప్పా? ఎవురెవురో తెచ్చి ఈడ పడేస్తారు. ఆయప్ప నా అంగట్లో తూకం పని సేసి, కూలికి బదులు ఆ మూతలే ఇమ్మనేవాడు. యాడ గుంత తెరిసుంటే ఆడ ఏసొచ్చేవాడు."

యేసేపు ఎక్కడున్నాడో చెబితే పోయి కాళ్లు పట్టుకుంటానని వీరేష్ అన్నాడు. ఆ అవసరం తీరిపోయింది. తల పగిలి రోడ్డు పక్కన పడి ఉన్న యేసేపును ఎవరో ఆదోని ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం పోయిందని హనుమన్నకు అంతకుముందే ఫోన్ వచ్చింది.

వీరేష్ ఆ ఇనుము కుప్పల మధ్యే చతికిలబడ్డాడు. ఊరూరా తిరిగి పరాయివాళ్ల గుంతలు మూయడం ఆ మనిషికెందుకని అడిగాడు.

రెండేళ్ల కిందట చిప్పగిరి దగ్గర మూత పోయిన బోరులో ఒక చిన్నపాప పడితే, వీరేష్‌తో సహా ఊళ్లకు ఊళ్లు ట్రాక్టర్లెక్కి చూడబోయాయి. ప్రాణంతో పైకి రాని ఆ పాప యేసేపు కూతురేనని హనుమన్న చెప్పాడు.