బకెట్ మోత

"బకెట్‌కి మూత పెట్టు పెద్దమ్మా, మురికినీళ్లు కంపు కొడుతున్నాయి!" అని అరిచింది వదిన.

గచ్చు తుడిచే ముసలామె తలూపింది. ఇనప బకెట్ ఎత్తి నేలకేసి దడేలుమని కొట్టింది.

"మూత పెట్టమంటే మోత పెడుతుందేంటి! అవి చెవులా, కమ్మలు తగిలించుకునే కొక్కేలా?"

హాలంతా గొల్లున నవ్వింది.

వదినంటే ఆ ఇస్త్రీ హాల్లోని స్త్రీలందరికీ వదినే. హోటళ్ల దుప్పట్లు పొద్దస్తమానం నిలబడే ఇస్త్రీ చెయ్యాలి. కూర్చుని సూపర్‌వైజర్ కంటబడితే ఉద్యోగం నిలబడదు. అందుకే దుప్పట్ల గుట్ట పక్కన వంతులవారీగా కూలబడేవాళ్లు. ఎక్కువ వంతులు నిండు నెలల చిన్నదానికే.

ముసలామె ఈమధ్యే చేరింది. ఎవరితోనూ మాట కలపదు. ఎప్పుడూ సూపర్‌వైజర్ గది ముందే తుడుస్తుంటుంది. మధ్యమధ్య ఉన్నట్టుండి హాల్లోకొచ్చి ఆ మోత. చిన్నది అదిరిపడి లేచి నిలబడేది.

"ఆ పిల్ల ఇక్కడే కనేస్తుంది వదినా!" అంది పక్క బల్లామె.

వదిన నేరుగా సూపర్‌వైజర్ దగ్గరికెళ్లింది.

"ఆ చెవిటావిడతో వేగలేం సార్. ఇంకో వారం ఉంచితే మాక్కూడా చెవుడొస్తుంది."

ఆ సాయంత్రమే ముసలామెను పొమ్మన్నారు. ఆమె బకెట్‌కి మూత పెట్టి, గోడవారగా ఉంచి వెళ్లిపోయింది.

మర్నాడు హాలు హాయిగా ఉంది. చిన్నది దుప్పట్ల మీద చేరగిలబడి కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ఎదురుగా సూపర్‌వైజర్.

"రోజూ తలుపు అద్దంలోంచి తొంగిచూసి పోతున్నా. ఒక్కనాడూ దొరకలేదు," అన్నాడాయన. "ఇక ఇంట్లోనే కూర్చో."

సాయంత్రం చిన్నదాన్ని సాగనంపుతూ అందరూ గేటు దాకా వచ్చారు.

"చెవిటావిడ పీడ వదిలిందనుకున్నాం తాతా, ఇది చుట్టుకుంది," అంది వదిన.

"చెవిటావిడెవరు?" అన్నాడు వాచ్‌మన్ తాత.

"అదే, బకెట్ మోతావిడ."

"ఆమెకి చెవుడేంటమ్మా? నాతో రోజూ గుసగుసలే కదా!"

తాత గేటు లోపలికోసారి చూసి గొంతు తగ్గించాడు.

"పదిమంది నోళ్లలో పడితే సూపర్‌వైజర్ చెవిన పడుతుందని ఆమె మీకు చెప్పలేదు. ఆయన చెవిటిదనుకునే తన గది ముందు ఉండనిచ్చాడు. లోపల కుర్చీ కిర్రుమంటే చాలు, ఆయన లేచాడని తెలుసుకుని, మీరు లేవడానికే ఆ బకెట్ కొట్టేది."