గుల్లల సీను

“కట్,” అన్నాడు శ్రీకృష్ణ నీరసంగా. ఎదురుగా ఉన్న పద్నాలుగో అమ్మాయి కళ్లు తుడుచుకుని, “ఎలా చేశానండి?” అని అడిగింది.

“చెబుతామమ్మా.”

ఫిలింనగర్‌లో ఆ మాటకు అర్థం అందరికీ ఒకటే కాబట్టి, ఆమె బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

పదిహేనేళ్లు అసిస్టెంటుగా అరిగాక శ్రీకృష్ణ డైరెక్టర్‌గా మొదలుపెడుతున్న సినిమా ఇది. సోమవారం షూటింగు. భీమిలి అవతల చినమొగపాలెం దగ్గర ఉప్పుటేట్లో సెట్టు లేచింది. హీరో ఉన్నాడు, విలన్ ఉన్నాడు, లేనిదల్లా సైంటిస్టు. ఏరు సముద్రంలో కలిసే మొగను మూసేస్తే నీళ్లలో గుల్లలు చచ్చిపోతాయని ఆమె విలన్‌ని బతిమాలాలి. ఆ సీను పండకపోతే సినిమాయే లేదని నిర్మాత మొహం మీదే చెప్పాడు. ఆఫీసుకు వచ్చిపడ్డ ఏవో ఉత్తరాల్లోంచి ఏరుకుని రచయిత వెంకటరామయ్య దాన్ని ఒక్క పూటలో రాసేశాడు. రాయడానికేం, రాస్తారు. చేసేవాళ్లేరీ?

“గుల్లల కోసం ఎవ్వలేడుస్తరు సార్?” అన్నాడు కెమెరా వెనకనుంచి జంగయ్య. “గా జాగల కుక్కపిల్లనన్న పెట్టకపోతిరి.”

“ఇంకెవరున్నారు?”

“గీతికనట, లిస్టుల ఒక్కతే మిగిలింది. బయట సోఫాల గంట సంది కూసున్నది.”

లోపలికి వచ్చిన అమ్మాయిని చూసి శ్రీకృష్ణ నిటారుగా సర్దుకున్నాడు. నలిగిన కాటన్ చుడీదారు. మేకప్పు లేదు. చెప్పులకు ఎండిన బురద. చేతిలో గాజు సీసా, అందులో గుల్లలు. పద్నాలుగు మందిలో ఒక్కరికైనా పాత్రలోకి దిగి రావాలన్న బుద్ధి పుట్టలేదు.

“నమస్కారమండి, నేను వైజాగ్ నుంచి...”

“తెలుసమ్మా. మీ కోసమే చూస్తున్నాం. నేరుగా మొదలుపెట్టెయ్యండి.”

ఆమె కాస్త తెల్లబోయింది. “నిజంగా వింటారా?”

“వినడానికే కదా కూర్చున్నది.”

“రికార్డు కూడా చేస్తున్నారా?”

“నిర్మాతగారికి చూపించాలి కదండీ.”

“మంచిదే. ఆయనా వినాలి.”

జంగయ్య శ్రీకృష్ణ చెవి దగ్గరకు వంగాడు. “జర చూడుండ్రి సార్, చేతిల కాయితం కూడ లేదు.”

ఆమె సీసా టేబుల్ మీద పెట్టింది. “మొగ మూస్తే పోటు నీరు లోపలికి రాదండి. నిలవనీళ్లలో బురద కుళ్లి, ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తుంది. నీళ్లు పులుపెక్కుతాయి. పీతయితే గట్టెక్కుతుంది. గుల్ల ఎక్కడికి పోతుంది? మూత బిగించుకుని ఊపిరి బిగబట్టుకుంటుంది. అప్పుడు దాని ఒంట్లోనూ పులుపు పెరుగుతుంది. ఆ పులుపు విరగ్గొట్టుకోవడానికి తన పెంకులో సున్నాన్నే లోపల్నుంచి కరిగించుకుంటుంది. పైకి మాత్రం నిక్షేపంలా కనిపిస్తుంది.”

సీసాలోంచి ఒకటి తీసి బొటనవేలితో నొక్కింది. అప్పడంలా విరిగింది.

“పోయినేడు తుపానుకు మొగ పూడిపోయినప్పటిది ఇది. నెల రోజులకే ఇలా అయింది. మీరు మూడు నెలలంటున్నారు.”

శ్రీకృష్ణ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గుల్ల విరవడం పేజీలో లేదు. సొంతంగా కల్పించుకుంది!

“బ్రహ్మాండం. ఇంకోసారి చెప్పండి. ఏడుపు తగ్గించి, కోపం పెంచండి.”

“కోపంగానే ఉందండి,” అంది ఆమె. అయినా మళ్లీ చెప్పింది, మొద్దబ్బాయికి పాఠం చెప్పినట్టు నిదానంగా. పిల్ల గుల్లలు పెంకే కట్టుకోలేవంది. పీత మీదికొస్తున్నా పసిగట్టే తెలివి నత్తలకు పోతుందంది. ఆ గుల్లలేరుకుని బతికే ఆడవాళ్ల పేర్లు వరసగా చెబుతూ ఏడో పేరు దగ్గర ఆగింది.

“మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.”

ఉత్తరాల మాట పేజీలో ఉన్నదే. పొల్లు పోకుండా అప్పజెప్పింది. జంగయ్య ముక్కు చీదుకున్నాడు. శ్రీకృష్ణ కళ్లు కూడా చెమర్చాయి. గుల్లల కోసం ఏడుస్తున్నానన్న సిగ్గయినా వేయలేదతనికి.

అంతలో చినమొగపాలెం నుంచి మేనేజర్ జగదీశ్ ఫోన్ చేశాడు. శ్రీకృష్ణ స్పీకర్ నొక్కాడు.

“సార్, సెట్టులోకి పోటు నీరు రాకుండా మొగకు ఇసుక బస్తాలు వేసేశాం. బారెడు సందు మిగిలింది. మూసెయ్యమంటారా, ఆగమంటారా?”

“సోమవారం షూటింగు పెట్టుకుని ఆగడమేంటయ్యా? మూసెయ్.”

“వద్దండీ!” అంటూ ఆమె టేబుల్ మీదుగా వంగి ఫోన్ అందుకోబోయింది. అందలేదు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మామూలు ఫోన్ కాల్‌ని కూడా సీనులో కలిపేసుకునే నటిని శ్రీకృష్ణ తన పదిహేనేళ్లలో చూసి ఎరగడు. జంగయ్య చెప్పకుండానే క్లోజప్‌కి వెళ్లాడు.

“అంటే మీరు వినలేదన్నమాట,” అంది ఆమె చివరికి.

“ప్రతి మాటా విన్నానమ్మా. బతికుండగా మర్చిపోను.”

ఆమె సీసా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఎప్పుడు చెబుతారని అడగలేదు. ఒక్క ఛాన్సండీ అని బతిమాలలేదు.

“ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు,” అన్నాడు శ్రీకృష్ణ గౌరవంగా. వెంటనే నిర్మాతకు ఫోన్ కలిపాడు. “సైంటిస్టు దొరికిందండీ. గీతికని కొత్తమ్మాయి. ఇహ మన సినిమాకు తిరుగులేదు.”

ఫోన్ పెట్టేసేసరికి జగదీశ్ మెసేజ్ వచ్చి ఉంది. మొగ మూసేశారట. చుక్క నీరు కూడా కదలడం లేదట.

తలుపు తోసుకుని ఓ అమ్మాయి రొప్పుతూ లోపలికొచ్చింది. చేతిలో సీను పేజీ ఉంది.

“సారీ సార్, చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోయాను, నేను గీతికని.”