చరణ్‌తేజ వంతు

"నాలుగు నిమిషాలైంది. దిగు ప్రదీప్," అన్నాడు కోచ్ కృపానందం.

ప్రదీప్ దిగలేదు. మంచం తలవైపు నిలబడి అంబు బ్యాగ్ నొక్కుతూనే ఉన్నాడు. నొక్కితే వెస్లీ ఛాతీ లేస్తుంది. వదిలితే పడుతుంది. అతని ఊపిరంతా ఆ రబ్బరు సంచిలోనే ఉంది.

"తర్వాత చరణ్‌తేజగాడేగా సార్. వాడికివ్వను."

"వంతు వంతే. దిగు."

"బంతే నిలవదు వాడి చేతిలో. ప్రాణం పెడతారా?"

గోడ గడియారంలో రెండూ పదహారు. ఏలూరులో అదొక చిన్న ఆసుపత్రి. ఉన్న ఒక్క వెంటిలేటర్ మీద వేరే మనిషి ఉన్నాడు. విజయవాడ తీసుకెళ్దామంటే, కదిపితే దారిలోనే పోతాడన్నారు. కరిచింది కట్లపాము. మందు ఎక్కించారు. విషం విరిగేదాకా ఊపిరి చేత్తోనే పొయ్యాలి. అది సాయంత్రమో, రేపో. గుండె అప్పటికే రెండుసార్లు ఆగి, మళ్ళీ కొట్టుకుంది.

"మూడోసారి ఆగితే నేను చెయ్యగలిగింది ఏమీ లేదండి," అని డాక్టరు కోచ్‌ని పక్కకి పిలిచి చెప్పాడు.

బాస్కెట్‌బాల్ టీమ్‌లో పన్నెండు మంది. ఒకడు మంచం మీద. మిగతా పదకొండు మంది పొద్దున్న తొమ్మిది దాటిన దగ్గర్నుంచి వంతులేసుకుని నొక్కుతున్నారు. మనిషికి నాలుగు నిమిషాలు. ఇది ఏడో రౌండు.

ఆ పద్ధతి కృపానందానిది. ఆటలోనూ అంతే. ఎంత గొప్పవాడైనా నాలుగు నిమిషాలకి బెంచీ మీదికి రావాలి. పన్నెండోవాడైనా కోర్టులోకి వెళ్ళాలి. టీమ్‌ని జీతాలిచ్చి నడిపేది చేపల చెరువుల వెంకట్రాజు గారు. "అయిదుగురు ఆడే ఆటకి పన్నెండు మందిని మేపడం ఎందుకండీ?" అని ఆయన అడుగుతూనే ఉంటారు.

"అలిసినవాడు తప్పు చేస్తాడండి. అందరూ ఆడితే ఓటమి ఒక్కడి నెత్తిన పడదండి," అనేవాడు కృపానందం.

పోయిన వారం పడింది. తాడేపల్లిగూడెంలో ఫైనల్. చివరి నాలుగు నిమిషాలకి ప్రదీప్‌ని దింపి చరణ్‌తేజని ఎక్కించాడు. ఆఖరి క్షణంలో వాడి చేతిలోంచి బంతి జారింది. ఒక్క పాయింటుతో పోయింది.

చరణ్‌తేజ మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆట లేని రోజుల్లో ఆటగాళ్ళే వంతులవారీగా చెరువులు కాస్తారు. నిన్న కొల్లేటికోటలో కాపలా చరణ్‌తేజది. "నువ్వు పడుకోరా, నేనెళ్తా," అని వెస్లీ వెళ్ళాడు. గట్టు మీద పడుకున్నాడు. తెల్లారుజామున పాము కరిచింది.

ప్రదీప్ విసురుగా పక్కకి జరిగాడు. చరణ్‌తేజ బ్యాగ్ అందుకున్నాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు.

కృపానందం ఎడమ చేతిలో స్టాప్‌వాచ్. కుడి చేతిలో వెస్లీ మణికట్టు. పొద్దున్నుంచీ అలాగే కూర్చున్నాడు. కాసేపటికి వేళ్ళు కొంచెం జరిపాడు.

"సిస్టర్, డాక్టరు గారిని ఒకసారి రమ్మంటారా?"

డాక్టరు వచ్చాడు. గుండె మీద స్టెతస్కోప్ పెట్టాడు. రెప్ప ఎత్తి టార్చి వేశాడు. కోచ్ వైపు చూశాడు. కోచ్ చరణ్‌తేజ చేతుల వైపు చూస్తున్నాడు.

"ఇంకో రౌండు ఆడతారండి మావాళ్ళు," అన్నాడు కృపానందం.

డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు.

"కానివ్వండి," అని వెళ్ళిపోయాడు.

రెండూ ఇరవై.

"బాగా ఆడావురా. దిగు," అన్నాడు కృపానందం. ఆ మాట ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

సిస్టర్ విజయకుమారి వెస్లీ వేలికున్న, నాడి చూపించే క్లిప్పు తీసేసింది. పక్క మంచానికి కావాలంది.

ఎనిమిదో రౌండు మొదలైంది. అబ్బాయిరాజు నొక్కాడు. యోసేపు నొక్కాడు. వరండాలో వెస్లీ తల్లి సూరమ్మ ప్రార్థన చేసుకోవడం వినిపిస్తోంది.

"మొహం అలా పాలిపోయిందేంటి సార్?" అన్నాడు క్రాంతి కుమార్.

"విషం. మొహం చూడకు. నీ చేతులు చూసుకో."

మూడైంది. ప్రదీప్ వంతు అయింది. దిగాడు. చరణ్‌తేజ అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచాడు.

"నువ్వు కూర్చో. ఈ వంతు నేను ఆడతా," అన్నాడు కృపానందం.

"చూశావా?" అన్నాడు ప్రదీప్. "ఆఖరికి సార్‌కి కూడా నీ మీద నమ్మకం పోయింది."

చరణ్‌తేజ మొహం మాడిపోయింది. కృపానందం స్టాప్‌వాచ్ వాడి చేతిలో పెట్టాడు. మంచం తలవైపుకి వెళ్ళాడు. నొక్కాడు. వదిలాడు. నొక్కాడు.

"నాలుగు నిమిషాలైంది సార్," అన్నాడు చరణ్‌తేజ.

కృపానందం చేతులు ఆగిపోయాయి.

"పోయాడ్రా. నా చేతిలో పోయాడు."

డాక్టరు వచ్చి దుప్పటి పైకి లాగాడు. వరండాలో ప్రార్థన కేకైంది.

"అరవయ్యేళ్ళ చేతులు!" అని అరిచాడు ప్రదీప్. "ఏం నొక్కగలవని పట్టుకున్నావు? చంపేశావు కదయ్యా!" సార్ అనడం కూడా మానేశాడు.

చరణ్‌తేజ స్టాప్‌వాచ్‌ని నేలకేసి కొట్టాడు.

"నా వంతు నాకిచ్చుంటే బతికేవాడు సార్ వెస్లీ."

"అవున్రా," అన్నాడు కృపానందం.

సిస్టర్ కాగితం తెచ్చింది. కృపానందం పై సగం అరచేత్తో కప్పి కింద సంతకం పెట్టాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ కాగితంలో డాక్టరు వెస్లీ పోయిన టైము మూడూ నాలుగని రాయలేదు, చరణ్‌తేజ చేతిలో బ్యాగ్ ఉన్న రెండూ పద్దెనిమిదని రాశాడు.