నల్లబడిన సీసా

శైలజ బల్లమీద పెట్టిన సీసాలో నీళ్లు బొగ్గుపొడి కలిపినట్టు నల్లగా ఉన్నాయి.

“ఇవి మీ పూల్ నీళ్లు, ప్రేమ్‌సాగర్ గారూ. నిన్న పట్టినప్పుడు తేటగనే ఉండె. పొద్దుగాల చూస్తే గిట్లయినయి. ఈ సీసల మందు ఉంటది, నీళ్లల్ల మురికి ఉంటేనే నల్లబడుతది. ఇయ్యాల్టి సంది పూల్‌కు తాళం వెయ్యాలె.”

పట్టణంలోని ఈతకొలనులన్నీ తనిఖీ చేసే అధికారి ఆమె. ప్రేమ్‌సాగర్ పానగల్ రోడ్డులోని ఆ కాలనీ సంఘానికి కార్యదర్శి. అంటే వీధిలో బల్బు మాడినా జనం వచ్చి నిద్రలేపేది అతన్నే. ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగి కట్టించుకున్న పూల్ అది. వారం నుంచి కాలనీ పిల్లలకు ఒకటే వాంతులు, విరేచనాలు. తల్లులంతా పూల్ మీద పడ్డారు. మందలో అతని భార్య హరిత కూడా ఉంది, ఎందుకంటే మంచం పట్టిన పిల్లల్లో వాళ్ల నిహారిక ఒకతి.

“గా నీళ్లు నల్లబడవు మేడం,” అన్నాడు ప్రేమ్‌సాగర్.

“నల్లబడ్డయి గదా.”

“అదే సమజైతలేదు. మీ సీసలనే ఏదో ఫరక్ ఉన్నది.”

“గిదే డబ్బాల సీసలు వేరే కాలనీలల్ల గూడ పెట్టిన. అవన్నీ తేటగనే ఉన్నయి. సీసకు మీ ఒక్కల మీదనే పగ ఉంటదా?”

ప్రేమ్‌సాగర్ సీసాను ఎత్తి వెలుతురులో తిప్పి చూశాడు. నల్లగొండ మనిషికి నీళ్ల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లకు తాత కాళ్లు వంకరపోవడం చూస్తూ పెరిగినవాడు. ఆ భయానికే కాలనీలో ఇంటింటా కొన్న క్యాన్ నీళ్లే తాగుతారు. ఏ నీళ్లు మంచివో ఏవి కావో కళ్లు మూసుకుని చెప్పగలనని అతని ధీమా. ఆ ధీమా ఇప్పుడు ఎటూ పాలుపోక నిలబడిపోయింది.

పూల్ చూసుకునే ఐలేశం చెత్త తీసే వల పట్టుకుని అక్కడే ఉన్నాడు. “రోజు నా చేతుల్తోటి క్లోరిన్ ఏస్తున్న మేడం. తప్పు నా మీదికి వస్తదా?”

“నీళ్లు చూసుకునేది నువ్వే అయితే నీ మీదికే వస్తది.”

ఐలేశం ముఖం వాడిపోయింది. ప్రేమ్‌సాగర్‌కు జాలేసింది. ఇంతలో జేబులో ఫోన్ మోగింది. హరిత.

“పూల్ బంద్ చేసిండ్రా లేదా? పిల్ల మల్ల కక్కింది.”

“నీళ్లు తాపుతున్నవా?”

“తాపుతనే ఉన్న. తాగుతది, కక్కుతది. ఎప్పుడు జూసినా పూల్, పూల్ అంటివి. గా పూల్ల మన్నువడ.” ఫోన్ పెట్టేసింది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ప్రేమ్‌సాగర్ కుర్చీలో కూలబడ్డాడు.

“మేడం, మీ కండ్ల ముందట ఇంకోపారి చూడుండ్రి,” అన్నాడు ఐలేశం.

“వద్దులే ఐలేశం,” అన్నాడు ప్రేమ్‌సాగర్ గభాల్న.

శైలజ అతని వంక వింతగా చూసింది. పూల్ బాగుండాలని ఏడ్చేవాడు పరీక్ష వద్దంటాడేమిటి? ఆమె వెళ్లి పూల్ మెట్ల మీద కూర్చుంది. చిన్న గాజు గొట్టంతో నీళ్లు ముంచి మందు చుక్కలు వేసింది. నీళ్లు చక్కని పసుపురంగుకు తిరిగాయి. మళ్లీ ఇంకో మూల ముంచింది. అదీ పసుపే.

ఇప్పుడు అయోమయం ఆమె వంతయింది.

“క్లోరిన్ ఉండాల్సినంత ఉన్నది. గింత మందున్న నీళ్లల్ల పురుగు బతుకది. మరి నిన్నటి సీసల మురికి ఏడికెల్లి వచ్చింది?”

ఐలేశం తల గోక్కున్నాడు.

“నిన్న నేను మోటరు చూస్తుంటే సీస నింపుకొచ్చింది మీరే గదా?” అని ప్రేమ్‌సాగర్‌ను అడిగింది శైలజ.

“నేనే.”

“లోపట చెయ్యి గిట్ల పెట్టిండ్రా?”

“లేదు మేడం.”

“మరి సీసల తప్పు లేదు, పూల్‌ల తప్పు లేదు. నాకే సమజైతలేదు.” ఆమె చేతులు దులుపుకుని లేచింది. “నేనే దగ్గరుండి పట్టాల్సి ఉండె. గది నా పొరపాటు. ఈ సీస లెక్కల కట్టను. నా చేతుల్తోటి ఇంకోటి పడ్త. అందాక తాళం అవసరం లేదు.”

“పూల్ బతికింది సార్,” అన్నాడు ఐలేశం. వాడి ముఖంలోకి నెత్తురు వచ్చింది.

ప్రేమ్‌సాగర్ ముఖంలోంచి ఉన్న నెత్తురు కూడా పోతోంది. అతను బల్లమీది నల్ల సీసానే చూస్తున్నాడు.

“మేడం, గసొంటి నీళ్లు పిల్లల కడుపుల వడితే ఏమైతది?”

“ఏమైతది? వాంతులు, విరేచనాలు. ఈతల మింగేది గుక్కెడే గని, గా గుక్కెడే చాలు.”

“గుక్కెడు గాదు. పూట పూటకు తాగుతుంటే?”

శైలజకు నవ్వొచ్చింది. “పూల్ నీళ్లు పూట పూటకు ఎవరు తాగుతరు సార్?”

అతను ఫోన్ నొక్కి, అటునుంచి భార్య తిట్టబోతుంటే అడ్డుపడ్డాడు.

“హరితా, జర నా మాటిను. పిల్లకు ఇంక ఒక్క చుక్క తాపకు. పూల్ మూస్తరేమోనని నిన్న నేను గా సీసల పోసింది మన వంటింట్ల క్యాన్ నీళ్లు.”