ఆ పేరున్న ఇంకొకరు

“సవ్వడా? అదేం పేరయ్యా! పిల్లకి పేరు పెట్టమంటే చప్పుడు పెడతావా?”

ఫోన్లో అత్తగారి గొంతు వరసలో నిలబడ్డ నలుగురికీ వినబడింది. మూడోవాడు ఫోన్ని చెవికి ఇంకాస్త అదుముకున్నాడు.

అతనికి అసలు పేరొకటి ఉంది. కానీ ఆ పేరుగలవాళ్ళు ఒకే క్లాసులో ఐదుగురు ఉండేసరికి, మాస్టారు విసుగొచ్చి అంకెలు వేసి పిలిచారు. ఇతనికి మూడు పడింది. చదువయ్యాక కూడా అది వదల్లేదు. ఆఫీసులో అదే పేరుగల ఇంకొకడికి రావలసిన తిట్లు ఇతను తిన్నాడు, ఇతనికి రావలసిన ప్రమోషన్ వాడు కొట్టేశాడు. అందుకే కూతురు పుట్టిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు. దాని పేరు ఇంకెవరికీ ఉండకూడదు.

ఆ జనన మరణాల నమోదు ఆఫీసులో ఏ కాగితానికైనా ఒక్కటే కౌంటరు. లోపల గుమస్తా ఆవిడ ఒక పేరు కొట్టగానే, ఊళ్ళో ఆ పేరుతో ఎంతమంది ఉన్నారో తెర మీద పడుతుంది. ఒకరి కాగితాలు ఇంకొకరికి పోకుండా పెట్టుకున్న ఏర్పాటది. ఆవిడ ఆ లెక్క పైకే చదువుతోంది.

“నాలుగు వందల పన్నెండు,” అంది, ముందున్న వాళ్ళ పాప పేరు కొట్టి.

“విన్నారా అత్తయ్యగారూ! నాలుగు వందల పన్నెండు మంది! మన సవ్వడికైతే ఊరంతా జల్లెడ పట్టినా ఇంకొకరు దొరకరు.”

అతని ముందు నిలబడ్డాయన చటుక్కున వెనక్కి తిరిగాడు. మాసిన గడ్డం, ఇస్త్రీ లేని చొక్కా, చేతిలో ఒక కవరు.

“సవ్వడి... మీ పాపకా?”

“అవునండీ. బయట కార్లో వాళ్ళమ్మ దగ్గరుంది. అదిగో, ఆ ఏడుపు మాదే.”

“అయితే మీరు ముందు వెళ్ళండి.”

“అయ్యో, మీ వంతు కదండీ!”

“ఫర్వాలేదు. నా పనికి తొందర లేదు.”

పసిపిల్ల ఏడుపు విని జాలిపడ్డాడనుకున్నాడు మూడోవాడు. లోకంలో మంచివాళ్ళు ఇంకా ఉన్నారని మురిసిపోతూ కౌంటరు ముందుకు జరిగాడు.

గుమస్తా ఆవిడ పేరు కొట్టింది.

“సున్నా కదండీ?” అన్నాడు పళ్ళన్నీ బయటపెట్టి.

“ఒకటి.”

మూడోవాడి మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

“మళ్ళీ చూడండి.”

“ఎన్నిసార్లు చూసినా ఒకటేనండీ. పందొమ్మిదేళ్ళ అమ్మాయి.”

“ఎక్కణ్ణుంచి ఊడిపడిందండీ ఈ ఒక్కతీ! నెల రోజులు పుస్తకాలన్నీ తిరగేసి పట్టుకున్నాను. ఈ పిల్ల లేకపోతే ఎంత హాయిగా ఉండేది!”

పక్కనే నిలబడ్డ ఆయన కళ్ళు దించుకున్నాడు. మెల్లిగా అడిగాడు.

“ఆ పేరుకి అర్థం తెలుసా మీకు?”

“చప్పుడేగా. మా అత్తగారు ఇప్పుడే సెలవిచ్చారు.”

“ఉత్త చప్పుడు కాదు. పక్కగదిలో మనిషి తిరుగుతుంటే, కనబడకపోయినా ఉన్నట్టు తెలుస్తుంది చూడండి... అదీ సవ్వడి. అది వినబడుతున్నంతసేపూ మన పని మనం చేసుకుంటూ ఉంటాం. పట్టించుకోం కూడా.” ఆయన చేతిలో కవరుని అటూ ఇటూ తిప్పాడు. “మార్చకండి బాబూ. అదే పెట్టండి.”

వంతు ఇచ్చాడు కదాని పేరు కూడా తనే పెట్టేలా ఉన్నాడే, అనుకున్నాడు మూడోవాడు.

“మీకెందుకండీ అంత పట్టుదల? నా దగ్గర ఇంకో పేరుంది.”

ఆయన కౌంటరు చెక్కని గట్టిగా పట్టుకున్నాడు.

మూడోవాడు జేబులో చీటీ కోసం వెతికాడు గానీ, మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఈ మధ్య గడ్డం గీసుకుంటూ, పక్కగదిలో పాప కదిలిందా లేదా అని కత్తి ఆపి మరీ వింటున్నాడు. ఆ వినబడేదానికి పేరుందని ఇప్పుడే తెలిసింది.

“సరే, రాసేయండి,” అన్నాడు. “మూడోవాడి కూతురు రెండోది. వంశం కాస్త పైకొచ్చినట్టే.”

“రెండు,” అంది గుమస్తా ఆవిడ, పత్రం చేతికిస్తూ.

“నూరేళ్ళు ఉండాలి తల్లి,” అన్నాడు ఆయన.

కార్లో కూర్చున్న భార్య పత్రం చదివి మురిసిపోయింది.

“మా అమ్మకి ఇంకో కాపీ తేకపోతే మనల్ని బతకనివ్వదు. వెళ్ళి రండి.”

తిరిగొచ్చేసరికి వరస ఖాళీ అయిపోయింది. గుమస్తా ఆవిడ మళ్ళీ పేరు కొట్టింది. ఈసారి పైకి చదవలేదు. మూడోవాడే తొంగి చూశాడు.

“ఒకటా? ఏమండోయ్, మా పాపని అప్పుడే తీసేశారా?”

ఆవిడ నవ్వలేదు.

“మీ పాప ఉంది. ఇప్పుడా పేరుతో మీ పాప ఒక్కతే ఉంది.”

“మరి ఆ పందొమ్మిదేళ్ళ అమ్మాయి?”

“గురువారం చనిపోయిందట. ఇప్పుడే వాళ్ళ నాన్న ఆ కాగితం ఇచ్చి వెళ్ళారు.”

“ఎవరు వాళ్ళ నాన్న?”

“మీకు వంతు ఇచ్చినాయనేనండీ.”

ఈ పిల్ల లేకపోతే ఎంత హాయిగా ఉండేది. ఆ మాట తనే అన్నాడు. ఆయన వింటుండగానే అన్నాడు.

గుమ్మం దాకా పరుగెత్తాడు. వీధి నిండా జనమే, ఆయన మాత్రం లేడు. రొప్పుతూ వెనక్కి వచ్చాడు.

“నేనలా వాగుతుంటే మీరైనా ఆపొద్దూ?”

“నాకు మాత్రం ఏం తెలుసండీ? కాగితం చూశాకే తెలిసింది. ‘ముందున్నది మీరే కదా, అతన్నెందుకు ముందు పంపారు?’ అని ఆయన్ని అడిగాను.”

“ఏమన్నారు?”

“‘నా కాగితం ముందు ఇస్తే, మా అమ్మాయి పేరు పక్కన సున్నా అని చదివేవారు కదమ్మా’ అన్నారు.”