ఎడమకాలు ఈడ్చిన కుందేలు

నాచారంల ఒక మందుల కంపెనీ గేటుకాడ నాగేందర్‌ది నైట్ డ్యూటీ. ఆఖరి లారీ పోయినంక ఫోన్ తీసి, బిడ్డ ఆశ ఆడే ఆట తను ఆడుతడు. ఆటల ఆ పిల్ల పెంచుకునే పులికి ఉరుకుడు పెరగాలంటే, గడ్డిల తిరిగే కుందేళ్లను రెండు వందల యాభై కొట్టి పడగొట్టాలె. ఏడేండ్ల పిల్ల, పాపమని కొట్టది. తెల్లారేసరికి ఆ పని తను చేసి పెడతనని మాటిచ్చిండు.

నూట తొంభై అయినయి. ఒకటి పడంగనే ఇంకోటి వస్తది. ప్రతిదీ కొత్తదే, నిండు ప్రాణంతోని వస్తది.

ఈసారి వచ్చింది మాత్రం ఎడమకాలు ఈడ్చుకుంట వచ్చింది. పులి దిక్కు కాదు, అతని దిక్కే చూసింది.

"ఏషాలెయ్యకు," అని నవ్వి కొట్టిండు.

తర్వాతది రెండు కాళ్లూ ఈడ్చింది. దాన్నీ కొట్టిండు. సౌండ్ బంద్ పెట్టిన ఫోన్ల సన్నగ మూలుగు వినొచ్చింది.

అప్పుడే ఇంటికాడి నుంచి పెండ్లాం మంజుల ఫోన్ చేసింది. ఆట ముందటనే ఉంచుకొని స్పీకర్ పెట్టిండు. వెనుక ఆశ ఏడుస్తున్నది.

"పిల్ల ఉలిక్కిపడి లేసింది. ముందు ఎడమకాలు గుంజుతుందన్నది, ఇప్పుడు రెండు కాళ్లూ లేస్తలేవు. జర జల్దీ రా, ఉప్పల్ దవాఖానాకు తీస్కపోదాం."

"వస్తున్న," అన్నడు.

స్క్రీన్ మీద ఇంకో కుందేలు పాక్కుంట వచ్చింది. వద్దు అనుకునేలోపల, అలవాటుపడ్డ బొటనవేలు నొక్కనే నొక్కింది.

ఏడుపు ఆగిపోయింది.

"ఊకున్నది," అన్నది మంజుల. "పండుకున్నట్టుంది. నిమ్మళంగనే రా."