కొత్త గొంతు

"ఈ కుర్చీలు చేసినవాడు ఒక్క పూటైనా వీటిమీద కూర్చున్నాడంటారా అక్కా?"

పక్కనున్నామె అప్పటికే లిఫ్టుని తిట్టింది, అద్దాల తలుపుని తిట్టింది. ఇప్పుడు ఆసుపత్రి కుర్చీల వంతు.

 తల్లి ప్రాణమంతా ఎదురుగా ఉన్న గదిలోనే ఉంది. ప్రమాదంలో మాట పోయిన కూతురికి లోపల మాట్లాడే యంత్రం ఇస్తున్నారు. అక్షరాలు నొక్కితే చాలు, అదే పలుకుతుందట. ఆ పిల్ల మళ్ళీ 'అమ్మా' అంటే చాలని ఆవిడ మొక్కని దేవుడు లేడు.

"రాతియుగంలో మనిషి నిప్పు రాజేసి, చుట్టూ చేరి కబుర్లు చెప్పుకునేవాడా? ఇప్పుడు ఫోన్లొచ్చాయి, ఉపగ్రహాలొచ్చాయి. ఏం లాభం? చేసేది మళ్ళీ కబుర్లేగా!" పక్కనున్నామె పకపకా నవ్వింది. "మా ఆయనైతే..."

"మీకు పుణ్యముంటుంది, కాస్త నోరు మూసుకుంటారా! పొద్దుట్నుంచీ ఒకటే వాగుడు. తల పగిలిపోతోంది!"

ఆమె మొహం చిన్నబోయింది.

"సరే అక్కా" అంది. మళ్ళీ నోరు విప్పలేదు. కాసేపటికి నర్సు వచ్చి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళింది.

'హమ్మయ్య' అనుకుంది తల్లి.

గంట తర్వాత గది తలుపు తెరుచుకుంది.

"రండమ్మా! గొంతులన్నీ విని మీ అమ్మాయే ఒకటి ఎంచుకుంది. నవ్వుతున్నట్టు ఉందట" అన్నాడు ఇంజనీరు.

కూతురి ఒళ్ళో పలకంత యంత్రం ఉంది. దానిమీద మెల్లగా వేళ్ళు కదిపింది.

"అమ్మా! ఏడవకు. ఇక నా నస నీకు తప్పదు."

తల్లికి కన్నీళ్ళు ఆగలేదు. కూతుర్ని కావలించుకోబోయి చటుక్కున నిలబడిపోయింది.

"ఎవరిది బాబూ ఈ గొంతు?"

"పేరు చెప్పకూడదమ్మా. ఎవరో ఒకావిడ నెలల తరబడి వచ్చి, వేలకొద్దీ మాటలు చదివి రికార్డు చేసిచ్చారు. మాట లేనివాళ్ళకి ఇవ్వమన్నారు."

తల్లి ఒక్క పరుగున బయటికొచ్చింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చున్నావిడ ఏదమ్మా? కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క మాట మాట్లాడాలి" అంది నర్సుతో.

"ఆపరేషన్ మొదలైపోయిందండీ. గొంతులో గడ్డ, స్వరపేటిక మొత్తం తీసేస్తున్నారు. ఇవాళే ఆఖరు కదా, తనివితీరా మాట్లాడుకుంటానని పొద్దున్నే వచ్చి కూర్చుంది."